పెట్రోలియం మంత్రి గారూ, పాత బండ్లకు ఇస్తామన్న ఈ10 ఎక్కడ?

కేంద్ర పెట్రోలియం, సహజ వాయువు శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 కాలుష్య ప్రమాణాలు రాకముందు తయారైన, గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్ ఉన్న మోటార్ సైకిళ్ళను నడిపేవాళ్ళం, విప్పి బిగించేవాళ్ళం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. పెట్రోలులో కలిపే ఇథనాల్ వద్దని చెప్పడానికి కాదు. చెరకు, మొక్కజొన్న రైతుకు నాలుగు డబ్బులు వస్తున్నా, బయటి నుంచి కొనే ముడి చమురు కొంత తగ్గుతున్నా మాకూ సంతోషమే. ఇథనాల్ లేని పెట్రోలు కావాలంటూ వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. మేం అడిగేది అది కాదు. 2021 జూన్‌లో నీతి ఆయోగ్, మీ శాఖ కలిసి విడుదల చేసిన రోడ్‌మ్యాప్‌లో ఉన్న మాటనే అడుగుతున్నాం. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వచ్చాక కూడా పాత వాహనాల రక్షణ కోసం ఈ10 (10 శాతం కలిపిన) పెట్రోలు అందుబాటులో ఉంచాలని అందులో ఉంది. మామూలు బంకుల్లో ఇప్పుడు అది కనబడటం లేదు.

పాత వాహనాల్లో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చని, అది పెద్ద ఖర్చు కాదని 2025 ఆగస్టులో మీ శాఖ వివరణ ఇచ్చింది. రబ్బరు సంగతి నిజమే. కానీ కార్బొరేటర్ బండికి అసలు ఇబ్బంది రబ్బరు దగ్గర మొదలవదు, గాలీ పెట్రోలూ కలిసే పాళ్ళ దగ్గర మొదలవుతుంది.

కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి 9 కిలోలు చాలు. ఈ లెక్కన ఈ10కి 14.1, ఈ20కి 13.5 కిలోల దగ్గరికి వస్తుంది. బీఎస్‌-6 బండ్లలో చాలావాటికి సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. తేడాను అది పసిగడితే ఇంజెక్టర్ ఇంకాస్త ఎక్కువ పెట్రోలు వదులుతుంది. కార్బొరేటర్‌లో ఉన్నది ఇత్తడి జెట్టు, దానికో సన్నటి చిల్లు. ఏది పోసినా ఆ చిల్లులోంచి వచ్చేది దాదాపు అంతే. ఈ10కి సరిపోయిన బండిలో ఈ20 పోస్తే మిశ్రమం 4 శాతం పైన పలచబడుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు అందదు. ఇథనాల్ లేని రోజుల్లో సెట్ చేసిన బండిలో అది 8 శాతం దాకా పోతుంది.

పలచబడిందని బండి తీరే చెబుతుంది. చలికాలం పొద్దున్నే చోక్ తీయగానే ఆగిపోతుంది. యాక్సిలరేటర్ తిప్పితే ఒక్క క్షణం తటపటాయించి అప్పుడు అందుకుంటుంది. వదిలేస్తే సైలెన్సర్‌లో టపటపలు. స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే బిస్కెట్ రంగులో ఉండాల్సిన పింగాణీ సున్నం వేసినట్టు తెల్లగా ఉంటుంది. గాలికి చల్లబడే ఇంజన్‌తో ఇద్దరు ఎక్కి ఘాట్ రోడ్డు మీద పోయేటప్పుడు హెడ్ మరీ వేడెక్కుతుంది, ఎగ్జాస్ట్ వాల్వుకూ దాని సీటుకూ ముప్పు అక్కడే. 2-స్ట్రోక్ బండ్లకు భయం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆయిల్ కూడా వాటికి పెట్రోలుతో పాటే లోపలికి వెళ్ళాలి.

దీన్ని కొంతవరకు సరిదిద్దవచ్చు. మిశ్రమం పాళ్ళు సరిచేసే మిక్స్చర్ స్క్రూ ఇంజన్ వైపు ఉన్న కార్బొరేటర్లలో పావు నుంచి అర చుట్టు బయటికి తిప్పాలి. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, లోపలికి తిప్పాలి. ఈ తేడా తెలియక వ్యతిరేక దిశలో తిప్పి మిశ్రమాన్ని ఇంకా పలచన చేయడం తరచూ జరిగే పొరపాటు. జెట్టులో పైకీ కిందికీ కదిలే సూదికి, అంటే నీడిల్‌కు, గాట్లుంటే క్లిప్‌ను ఒక గాటు కిందికి దించాలి, నీడిల్ పైకి లేచి పెట్రోలు ఎక్కువ వస్తుంది. చివరగా మెయిన్ జెట్. జెట్టు మీది నంబరు చిల్లు వ్యాసాన్ని మిల్లీమీటరులో వందో వంతుల్లో చెప్పే రకమైతే, ఈ10 నుంచి మారేటప్పుడు 100 బదులు 102 చాలు, ఇథనాల్ లేనప్పటి సెట్టింగ్ అయితే 104 కావాలి. వ్యాసం కొంచెం పెరిగినా చిల్లు వైశాల్యం దానికి రెట్టింపు శాతం పెరుగుతుంది కాబట్టి అంతకు మించితే బండి నల్లపొగ పోస్తుంది. నంబరు వేరే పద్ధతిలో వేసే జెట్లకు ఈ లెక్క కుదరదు. అందుకే ఏ మోడల్‌కు ఏ జెట్టో మెకానిక్ ఊహకు వదిలేయకూడదు, తయారు చేసిన కంపెనీయే చెప్పాలి. ఆ పట్టికను కంపెనీల చేత బయటపెట్టించండి.

పట్టిక ఒక్కటే వచ్చినా చాలదు. పోసే పెట్రోలులో ఇథనాల్ ఎంతో తెలియకపోతే ఏ జెట్టు వేయాలి? పంపు మీద “ఇథనాల్ కలిపిన పెట్రోలు” అని కాకుండా కచ్చితమైన శాతం రాయించండి. సరిచూసుకోవడం ఎవరికైనా చేతనైన పనే. గీతలున్న 100 మి.లీ. గాజు గొట్టంలో 10 మి.లీ. నీళ్ళు, 90 మి.లీ. పెట్రోలు పోసి, మూత బిగించి కుదిపి, పది నిమిషాలు నిలకడగా ఉంచాలి. ఇథనాల్ నీళ్ళలోకి దిగుతుంది. కింది పొర 10 నుంచి 19 దగ్గరికి చేరితే ఈ10, 27, 28 దగ్గరికి చేరితే ఈ20. కొలిచాక ఆ పెట్రోలును మళ్ళీ ట్యాంకులో పోయకూడదు.

ఇక రబ్బరు. పాత బండ్లలో పెట్రోలు పైపు, ట్యాప్ వాషర్, కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె ఓ-రింగ్ ఎక్కువగా నైట్రైల్ రబ్బరువి. ఇవి ఇథనాల్‌లో నాని ఉబ్బుతాయి, ఎండితే గట్టిపడి పగుళ్ళు తేలతాయి. విటాన్ అనే రబ్బరు రకం తట్టుకుంటుంది. పైపు కొనేటప్పుడు దాని మీద ఎస్‌ఏఈ జే30 ఆర్‌9 అనే ప్రమాణం గుర్తు ఉందేమో చూడాలి. ఇవన్నీ చవకే, మీ శాఖ చెప్పింది నిజం. కానీ వాక్యూమ్ కార్బొరేటర్‌లోని డయాఫ్రమ్ (పలచటి రబ్బరు పొర) చాలా మోడళ్ళకు విడిగా దొరకదు, స్లైడ్‌తో కలిపి సెట్టుగానే కొనాలి. ఇథనాల్ ట్యాంకులో ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డిని కూడా కరిగించి కిందికి తెస్తుంది. అది పైలట్ జెట్‌లో, అంటే ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు ఇచ్చే సన్నటి జెట్టులో, ఇరుక్కుంటుంది. కాబట్టి మొదటి రెండు మూడు ట్యాంకులు అయ్యేదాకా ఫిల్టరు మీద కన్నేయాలి.

మాకు అన్నిటికన్నా దిగులు నీటి గురించే. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. ఈ10 తన పరిమాణంలో దాదాపు అర శాతం, అంటే 10 లీటర్లకు సుమారు 50 మి.లీ. నీటిని కలుపుకోగలదు. ఈ20 ఇంకొంచెం ఎక్కువే తట్టుకుంటుంది. ఆ హద్దు దాటితే మాత్రం నీళ్ళతో పాటు ఇథనాల్ కూడా విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. 10 లీటర్ల ఈ20లో ఇథనాల్ 2 లీటర్లు. విడిపోయినప్పుడు కింది పొర అంత పెద్దదవుతుంది, పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్ (ఇంజన్‌లో వేళ కాకముందే మండకుండా తట్టుకునే గుణం) పడిపోతుంది. ట్యాప్‌లో మెయిన్ గొట్టం ఎత్తులో, రిజర్వ్ చిల్లు అడుగున ఉంటాయి. అందుకే అప్పటిదాకా బాగానే నడిచిన బండి రిజర్వ్‌లో పెట్టగానే ఆగిపోతుంది. ఆ పొర ఇనుప ట్యాంకును తుప్పు పట్టిస్తుంది, కార్బొరేటర్ గిన్నెలో తెల్లటి పొడిలా పేరుకుంటుంది. మూడు వారాలకు మించి బండి తీయనివాళ్ళు ట్యాప్ కట్టేసి, గిన్నె అడుగు స్క్రూ విప్పి ఉన్నది సీసాలోకి వంపాలి. పది నిమిషాల తర్వాత సీసాలో రెండు పొరల మధ్య గీత కనబడితే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే.

బండి ట్యాంకులో మేం జాగ్రత్త పడగలం, బంకు భూగర్భ ట్యాంకులో పడలేం. వానాకాలం మూత సందుల్లోంచి దిగే నీటిని పట్టుకోవడానికి కొలకర్రకు నీరు తగిలితే రంగు మారే పేస్టు పూస్తారు. మామూలు పేస్టు ఇథనాల్ కలిసిన నీటి పొరను సరిగా చూపించదు, దానికి వేరే రకం పేస్టు ఉంది. ప్రతి బంకులో అదే వాడేలా, రోజూ కొలిచిన వివరం కొనేవాళ్ళకు కనబడేలా ఆదేశమివ్వండి.

మైలేజీ గురించి మేం కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ20తో ద్విచక్ర వాహనాలకు 3–4 శాతం తగ్గుతుందని ఆ రోడ్‌మ్యాపే అంచనా కట్టింది. దానికి బదులుగా ఇథనాల్ కలిపిన పెట్రోలు ధర తక్కువ ఉండాలనీ సూచించింది. ఆ సూచన ఏమైందో మీరే చెప్పాలి.

2016లో కొన్న బండికి లైఫ్ ట్యాక్స్ కట్టించుకుని 15 ఏళ్ళ రిజిస్ట్రేషన్ ఇచ్చారు. 2031 దాకా అది రోడ్డు మీద తిరగాల్సిన బండి. పాలు పోసే మనిషి, కూరగాయల మూట కట్టుకుని సంతకు పోయే మనిషి ఇలాంటి బండి మీదే బతుకుతున్నారు, కొత్తది కొనమని వాళ్ళకు చెప్పలేం. ప్రతి బంకులోనూ పెట్టమని అడగడం లేదు. మండలానికి ఒక్క బంకులో, ఒక్క నాజిల్‌తో ఈ10 ఇప్పించండి. ఆ బంకుల జాబితాను వచ్చే వానాకాలం లోపు ప్రకటించండి.

ఇట్లు,
పాత మోటార్ సైకిళ్ళ మెకానిక్కులు, వాటిని నడిపేవాళ్ళు