కొత్త ట్యాంకు సరే, పాత చిల్లుల సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

చిన్న సిటీల్లో మంచినీళ్ల స్కీం గురించి ఎప్పుడు వార్త వచ్చినా కొత్త ట్యాంకు, కొత్త లైను, ఎంత అప్పు తెస్తున్నారు, ఇవే ఉంటాయి, ఉన్న నీళ్లు ఎటు పోతున్నాయని అడిగేవాళ్లే కనపడరు. నేను ఇంజనీర్ని కాదు గానీ ఒకసారి రాత్రి రెండింటికి లీకేజీలు వెతికే లైన్‌మన్ వెంట తిరిగాను. ఆయన చేతిలో ఒక ఇనప కడ్డీ, అంతే, దాని ఒక చివర వాల్వ్ మీద ఆనించి ఇంకో చివర చెవికి పెట్టుకుంటాడు. నన్నూ వినమన్నాడు, లోపల సుయ్యిమని సన్నగా శబ్దం. అందరూ పడుకున్నాక కుళాయిలన్నీ కట్టేసి ఉంటాయి కదా, ఇప్పుడు పారేవన్నీ దొంగ నీళ్లే అన్నాడు. పైగా రాత్రి వాడకం ఉండదు కాబట్టి లైన్లో ప్రెజర్ పెరిగి చిల్లులోంచి ఇంకా ఎక్కువ పోతాయట.

నిమిషానికి 10 లీటర్లు పోయే లీకేజీ అంటే చూడ్డానికి ఏమంత అనిపించదు, రోడ్డు పక్కన కాస్త తడి, నాలుగు గడ్డి మొక్కలు. కానీ రోజుకి 14,400 లీటర్లు, మనిషికి 100 లీటర్ల చొప్పున 144 మందికి సరిపోయే నీళ్లు! ఇప్పుడు ఇదే లైన్లోకి కొత్త ట్యాంకు నుంచి ఇంకా ప్రెజర్‌తో వదిలితే ఏమవుతుంది, చిల్లు కూడా అంత జోరుగా కారుతుంది, శుద్ధి చేసి కరెంటు కాల్చి ఎత్తిపోసిన నీళ్లని మట్టికి తాగిస్తాం, దానికి వడ్డీ కూడా కడతాం.

కంబోడియా రాజధాని నామ్‌పెన్ సంగతి చెప్పాలి. 1993లో అక్కడ వదిలిన నీళ్లలో 72 శాతానికి లెక్కే లేదు, సరఫరా రోజుకి 10 గంటలు. ఎక్ సోన్ చాన్ అనే ఆయన ఆ సిటీ నీళ్ల సంస్థ పగ్గాలు తీసుకుని మీటర్లు పెట్టించాడు, దొంగ కనెక్షన్లు పీకించాడు, బిల్లు కట్టని పెద్దవాళ్ల లైన్లు కూడా కోయించాడు (ఒక ఆర్మీ జనరల్ ఏకంగా తలకి తుపాకి గురిపెట్టాడట, అయినా వదల్లేదు). పేదవాళ్లకి కనెక్షన్ ఫీజులో రాయితీ ఇచ్చి మిగతాది వాయిదాల్లో కట్టించుకున్నారు. 2008 నాటికి ఆ నష్టం 6 శాతం దగ్గరకొచ్చింది, నీళ్లు 24 గంటలూ వస్తున్నాయి. విదేశీ సాయం, అప్పులు వాళ్లూ తీసుకున్నారు, కాకపోతే తీర్చే దారి కూడా వేసుకున్నారు.

అందుకే అప్పు వద్దని నేననను. పైపు 50 ఏళ్లు ఉంటుంది, ఇప్పుడు పుట్టిన పిల్లాడు కూడా అవే నీళ్లు తాగుతాడు కాబట్టి 20 ఏళ్ల వాయిదాల్లో తీర్చడం న్యాయమే. అప్పు తెచ్చి మోటార్ల కరెంటు బిల్లులకీ జీతాలకీ వాడితేనే గొడవ, అవి నెలనెలా నీళ్ల బిల్లుల్లోంచే రావాలి. గ్రాంటు ఇచ్చేవాళ్లు ట్యాంకు కట్టిస్తారు, రిబ్బన్ కోస్తారు, ఆ తర్వాత మోటార్ కాలిపోతే ఎవరిస్తారు? నీళ్ల డబ్బుకి వేరే అకౌంట్ లేకుండా మునిసిపాలిటీ జనరల్ ఫండ్‌లో కలిపేస్తే అది ఏ రోడ్డుకో ఏ లైట్లకో పోతుంది, తప్పు ఎవరిదీ కాదు, డబ్బుకి రంగుండదు కదా. చార్జీలు పెంచితే జనం ఒప్పుకోరంటారు, ఇంటికి అవసరమైనంత వరకు తక్కువ రేటు పెట్టి ఆపైన ఎక్కువ వాడేవాళ్లకి పెంచొచ్చు, మీటరే లేకపోతే ఎవరు ఎంత వాడారో ఎలా తెలుస్తుంది మరి.

ఇంకోటి, రోడ్డు తవ్వేటప్పుడు నాలుగంగుళాల పైపు తీసి మళ్లీ నాలుగంగుళాలే వేస్తారేంటో నాకర్థం కాదు. తవ్వకం ఖర్చు ఎలాగూ తప్పదు, వెడల్పు రెట్టింపు చేస్తే అదే ప్రెజర్‌కి ఐదారు రెట్ల నీళ్లు పారతాయి. ఊరు పెరుగుతుందని తెలిసి కూడా ఈ పిసినారితనం ఎందుకు.

గంట సేపు వదిలి కట్టేసే పద్ధతి గురించి కూడా ఒక్కమాట. లైను ఖాళీ అయినప్పుడు ఏ చిల్లులోంచి నీళ్లు బయటికి పోయాయో అదే చిల్లులోంచి పక్కన కాలవలో మురుగు లోపలికి వస్తుంది. మర్నాడు కుళాయి తిప్పగానే మొదటి బిందె రంగు తేడాగా ఉండేది చాలాసార్లు అందుకే, దానికి ప్లాంటులో ఎంత క్లోరిన్ కలిపినా లాభం తక్కువ.

మీ పేపర్లో రిజర్వాయర్ మట్టాలు వేస్తుంటారు కదా. దాని పక్కనే నెలకోసారి ట్యాంకుల నుంచి వదిలిన నీళ్లు ఎన్ని, బిల్లు వేసినవి ఎన్ని, ఈ రెండు నంబర్లు కూడా వేయండి. ఇవ్వలేమని మునిసిపాలిటీ అంటే ఆ మాటే వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు