మా అక్కను గంటగంటకూ నిద్ర లేపినవారికి కృతజ్ఞతలు

మా అక్క మెదడులో రక్తనాళపు ఉబ్బు చిట్లి రక్తస్రావమై 3 నెలలైంది. 23 రోజుల పాటు ఆమెను కంటికి రెప్పలా చూసుకున్న న్యూరో ఐసీయూ నర్సులకు, వైద్యులకు, మెదడు ధమనుల్లో రక్తం వేగాన్ని కొలిచే డాప్లర్ పరీక్ష చేసినవారికి, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ నిపుణులకు మా కుటుంబం తరఫున ఈ కృతజ్ఞతలు రాస్తున్నాను. వారిలో రాత్రి డ్యూటీ చేసిన ఒక సిస్టర్‌కు నేను క్షమాపణ కూడా చెప్పుకోవలసి ఉంది.

భరించలేని తలనొప్పితో అక్క ఒక్కసారిగా కూలిపోయిన మరునాడే, చిట్లిన ఉబ్బును సన్నని గొట్టం ద్వారా ప్లాటినం తీగచుట్టలతో నింపి మూసివేశారు. కాయిలింగ్ అనే ఈ చికిత్స బాగా జరిగిందని చెప్పగానే గట్టెక్కామనుకుని బంధువులందరికీ ఫోన్లు చేశాం. ఆ సాయంత్రం ఒక యువ వైద్యుడు బావగారినీ నన్నూ కూర్చోబెట్టి, అసలు ఎదురుచూడవలసిన గండం ఇంకా రాలేదని, అది సాధారణంగా 3వ లేదా 4వ రోజు మొదలై 7 నుంచి 10 రోజుల మధ్య ముదిరి, రెండు మూడు వారాలకు గాని తగ్గదని ఓపికగా వివరించారు. ఉబ్బు మూసినా, అప్పటికే బయటికి వచ్చిన రక్తం మెదడు అడుగున ధమనుల చుట్టూ గడ్డకట్టి ఉంటుంది. రక్తకణాలు చితికే కొద్దీ వెలువడే హిమోగ్లోబిన్, ధమనులను సడలించి ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ను హరిస్తుంది, అవి బిగుసుకుపోయేలా చేస్తుంది. దీనినే వాసోస్పాజం అంటారు. దానితో మెదడుకు రక్తం సరిగా అందదు. కణాలు చితకడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టే ఈ ముప్పు ఆలస్యంగా వస్తుందని ఆయన చెప్పిన మాట ఆ తర్వాతి రోజుల్లో మమ్మల్ని నిలబెట్టింది. ముందే తెలియకపోయి ఉంటే, బాగుపడుతున్న మనిషి 8వ రోజున ఎందుకు దిగజారిందని ఎవరినో ఒకరిని నిందించి ఉండేవాళ్లం.

నింద నేను వేయలేదని కాదు. గంటకోసారి అక్కను తట్టి లేపి, పేరేమిటి, ఇది ఏ నెల, నా వేళ్లు గట్టిగా పట్టుకోండి అంటూ అవే ప్రశ్నలు అడగడం చూసి, 6వ రోజు రాత్రి నేను సహనం కోల్పోయి, "ఆమెను కాసేపైనా పడుకోనివ్వరా సిస్టర్?" అని అందరి ముందూ గట్టిగా అడిగాను. ఆమె గొంతు పెంచలేదు. "పడుకుంటే నాకూ సంతోషమే సార్. కానీ నిద్రపోతున్నారో, తెలివి తప్పుతున్నారో లేపితే గాని నాకు తెలియదు" అన్నారు.

8వ రోజు తెల్లవారుజామున 3 గంటలకు నన్ను లోపలికి పిలిపించింది కూడా ఆవిడే. అక్క మాటతీరు మామూలుగా ఇలాగే ఉంటుందా అని అడిగి, తన జేబులోని పెన్ను తీసి చూపించారు. మాట కోసం ఏనాడూ తడుముకోని మా అక్క ఆ పెన్నును చాలాసేపు చూసి, "అదే... రాసేది" అంది. తర్వాత కళ్లు మూసుకుని, అరచేతులు పైకి పెట్టి రెండు చేతులూ చాపమన్నారు. ఎడమ చేయి చాపిన చోటే నిలకడగా ఉంది. కుడి అరచేయి మాత్రం మెల్లగా లోపలికి తిరిగి, చేయి ఒక అంగుళం కిందికి జారింది. నేనైతే నిద్రమత్తు అనుకునేవాణ్ణి. ఆ సిస్టర్ అప్పటికే డాక్టర్‌కు ఫోన్ చేస్తున్నారు.

మళ్లీ రక్తస్రావమైందా, మెదడులో నీరు చేరిందా, సోడియం పడిపోయిందా అన్నవి వెంటనే పరీక్షించి, అవేవీ కావని, ఇది వాసోస్పాజమేనని తేల్చుకున్నారు. ఉబ్బు మూసి ఉన్నందున మెదడుకు రక్తం అందేలా ధైర్యంగా మందుతో రక్తపోటును పెంచి చూశారు. అది చాలకపోవడంతో యాంజియోగ్రామ్ చేసి, బిగుసుకున్న ధమనిలోకే గొట్టం ద్వారా నాళాలను సడలించే మందు ఎక్కించారు. ముందు దారపు పోగులా కనిపించిన ధమని తర్వాతి చిత్రంలో నిండుగా కనిపించింది. ఈ మందు ప్రభావం ఎక్కువ కాలం నిలవదు కాబట్టి 10వ రోజున మళ్లీ చేయవలసి వచ్చింది.

ప్రతి ఉదయం కణత మీద జెల్ రాసి డాప్లర్ పరీక్ష చేసినవారికి ప్రత్యేక ధన్యవాదాలు. పైపు మూతి నొక్కితే నీరు జోరుగా చిమ్మినట్టు, ధమని సన్నబడే కొద్దీ రక్తం వేగం పెరుగుతుందని ఆయన నాకు విడమరచి చెప్పారు. సగటు వేగం సెకనుకు 120 సెంటీమీటర్లు దాటితే అనుమానించాలి, 200 దాటితే తీవ్రమని అర్థం. అక్కకు 5వ రోజు 110, 7వ రోజు 160, ఆ రాత్రి 210. ఈ అంకెలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

వాసోస్పాజం వల్ల మెదడుకు కలిగే హానిని తగ్గించే నిమోడిపిన్ మాత్రలు 21 రోజులు వేళ తప్పకుండా ఇచ్చినవారిని కూడా మరువలేను. 4 గంటలకోసారి 60 మిల్లీగ్రాములు ఇస్తున్నప్పుడు అక్కకు రక్తపోటు పడిపోతుండటంతో, వైద్యులు దానిని 2 గంటలకోసారి 30గా మార్చారు. మాకు అది కాగితం మీద చిన్న మార్పే. నర్సులకు మాత్రం రాత్రింబవళ్లు పని రెట్టింపైంది. ఒక్క మోతాదు కూడా తప్పినట్టు నేను చూడలేదు.

అక్క ఇప్పుడు తన పనులు తానే చేసుకుంటోంది. సాయంత్రమయ్యేసరికి అలసిపోతుంది, అప్పుడు మాటలు కొంచెం వెతుక్కుంటుంది. స్పీచ్ థెరపీ కొనసాగుతోంది. ఐసీయూలో గడిపిన రోజుల్లో ఒక్కటీ ఆమెకు గుర్తులేదు కాబట్టి, ఆమె తరఫున కూడా నేనే రాయవలసి వచ్చింది. వచ్చే పరీక్షకు వెళ్లినప్పుడు ఆ సిస్టర్‌ను చూపించమని అడుగుతోంది. మాస్కు పైన కనిపించే కళ్లు తప్ప ఆవిడ ముఖం నేనూ చూడలేదు. గొంతు మాత్రం గుర్తుపడతాను.