అత్తయ్య జోలపాట

ఒంగోలు
ఆదివారం

ఒరేయ్ కెప్టెన్,

జవాబు ఇంత ఆలస్యమైందని కోప్పడకు. అమ్మ కులాసా. పొగాకు వేలం నడుస్తోంది, ధర పరవాలేదు. చెల్లెలికి ఉద్యోగం వచ్చింది. మిగతావి తరవాత. ముందు ఇది విను, ఎవరికైనా చెప్పకపోతే ఉండలేను.

మొన్న కందుకూరు వెళ్లాను, మనల్ని చింతచెట్టు దింపి నిలబెట్టిన అత్తయ్య ఇంటికి. (బెల్లం సంగతి ఆవిడ మరచిపోలేదు, నిన్నే అడిగింది!) మనవరాలి బిడ్డను ఉయ్యాలలో వేసి ఊపుతోంది. మాటలేమీ లేవు, ఊరికే జోజో. కానీ ఆ వరస! నా ఒళ్లు జలదరించింది రా. ఈ మధ్య రాత్రిళ్లు ఫోనులో వింటున్న జర్మన్ పాట, ‘లిలీ మర్లీన్’ వరస అది!

"ఎక్కడ నేర్చుకున్నావు అత్తయ్యా?"

"నేర్చుకోవడమేమిటిరా, మా నాన్న ఈలపాట. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మంట ఎగదోస్తూ ఇదే వేసేవాడు. ఈల వినబడుతుంటే నాన్న మెలకువగానే ఉన్నాడని అమ్మ కళ్లు మూసుకునేది."

తాతయ్య సైన్యంలో ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో పనిచేశాడు కదా, ఆ పెట్టెలో ఫొటో మనం దొంగచాటుగా చూశాం. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన ఉన్న నాలుగో భారత డివిజన్ బ్రిటిష్ ఎనిమిదో సైన్యంతో కలిసి ఉత్తర ఆఫ్రికా ఎడారుల్లో పోరాడింది. ఈ పాట కవిత 1915 నాటిది, హాన్స్ లైప్ అనే జర్మన్ సిపాయి రాశాడు. లాలే ఆండర్సన్ అనే జర్మన్ గాయని 1939లో పాడితే ఎవరూ పట్టించుకోలేదు. 1941లో జర్మన్ల చేతికి చిక్కిన బెల్‌గ్రేడ్ రేడియో రోజూ రాత్రి పది కావస్తుండగా వేయడం మొదలుపెట్టింది. అంతే, ఎడారిలో అటు జర్మన్లూ ఇటు మనవాళ్లూ అదే వినడం! హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్‌కు గిట్టలేదట. గిట్టదు మరి, గెలుపు ఊసే లేదు అందులో. బ్యారక్ గేటు దగ్గర దీపం కింద నిలబడ్డ అమ్మాయిని మళ్లీ కలుసుకోవాలన్న ఆశ, అంతే.

ఇంగ్లండులో వేరా లిన్ అనే గాయని పాడిందీ మళ్లీ కలుద్దామనే. 1944లో బర్మా దాకా వెళ్లి సైనికుల ముందు పాడింది ఆవిడ. యుద్ధంలో జనం గుండెకు హత్తుకున్నవన్నీ ఇలా ఇంటికి చేరుకునే పాటలే ఎందుకో... దీని గురించి తీరిగ్గా మాట్లాడాలి నీతో.

అసలు సంగతి చెప్పనేలేదు. ఫోనులో పాట పెట్టాను. అత్తయ్య ఉయ్యాల తాడు వదలకుండానే వంగి వింది. "ఆడగొంతా!" అంది ముందు. తరవాత చివరి చరణంలో చెయ్యెత్తి, "ఇక్కడ నాన్న కాసేపు ఆగేవాడు, ఈమె ఆగలేదు" అంది. "ఇంకోసారి పెట్టు" అంది. కళ్లు తుడుచుకోలేదు, నేనూ తుడుచుకోలేదు. తాతయ్య పక్క గుడారంలో ఎవరి రేడియోలో విన్నాడో, ఎవరికోసం ఆగేవాడో! పెళ్లి అయింది యుద్ధం నుంచి వచ్చాకే మరి.

సంక్రాంతికి నీ వేణువు తప్పకుండా తీసుకురా. తాతయ్య ఆగిన చోట ఆగి వాయించాలి, అత్తయ్యే చూపిస్తుంది. ఇంకా ఆ ఫొటో వెనక ఏదో ఊరి పేరు... తమ్ముడు బస్సుకు బయలుదేరుతున్నాడు, ఉత్తరం వాడి చేతికే ఇవ్వాలి. ఉంటాను.

నీ
లెఫ్టినెంట్