పాత మోతాదే ప్రాణం తీయొచ్చు

సంపాదకులకు నమస్కారం.

మత్తుమందు మరణాల వార్తల్లో ‘మోతాదు మించింది’ అని రాసి ఊరుకుంటున్నారు. విషయం అంతటితో అయిపోదు. 1982లో కెనడా శాస్త్రవేత్త షెపర్డ్ సీగెల్ బృందం ఎలుకలకు హెరాయిన్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ అలవాటు చేసింది. చివర్లో అన్నిటికీ ఒకే పెద్ద మోతాదు ఎక్కించింది. మందుకు అలవాటుపడిన గదిలోనే ఇస్తే 32 శాతం చనిపోయాయి, వేరే గదిలో ఇస్తే 64 శాతం. అసలు అలవాటే లేనివాటిలో 96 శాతం. చోటు మారితేనే ఇంత తేడా!

డీఅడిక్షన్ కేంద్రం నుంచి ఇంటికొచ్చినవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. కొన్నాళ్లు మానేస్తే ఒళ్లు తట్టుకునే శక్తి పడిపోతుంది, పాత మోతాదుకే ఊపిరి ఆగిపోవచ్చు. ఈ సంగతీ, హెరాయిన్ లాంటి మత్తుమందుల మోతాదు మించినప్పుడు దానికి విరుగుడుగా ఇచ్చే నాలోక్సోన్ ఇంజెక్షన్ సంగతీ డిశ్చార్జి రోజునే ఇంట్లోవాళ్లకు చెప్పాలి. మీ వార్తల్లోనూ దయచేసి రెండు ముక్కలు రాయండి.

— ఒక ఫార్మసీ అధ్యాపకురాలు, వరంగల్