మన స్కేటింగ్ సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా పాటల చుట్టూనే

గౌరవ సభ్యులకు నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో, ఒక ఏడాది పోటీలు పక్కనపెట్టి స్కేటింగుకూ పాటకూ ఉన్న చుట్టరికం ఏమిటో చూద్దామని తీర్మానించాం. ఆ రోజు వద్దని చెయ్యెత్తిన ముగ్గురిలో నేనొకణ్ణి. ఇప్పుడు కార్యదర్శి హోదాలో ఆ ఏడాది లెక్క నేనే అప్పజెప్పాల్సి వచ్చింది.

మొత్తం నాలుగు సాయంత్రాలు జరిగాయి. మొదటిది రోలర్ రింకుల గురించి, అంటే చక్రాల స్కేట్లు కట్టుకుని గుండ్రంగా తిరిగే చదునైన నేలల గురించి. ఒంటిని ఏ పక్కకు వంచితే ఆ పక్కకు తిరిగే నాలుగు చక్రాల స్కేటుకు 1863లో న్యూయార్కులో జేమ్స్ ప్లింప్టన్ పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు స్కేట్లు తిన్నగా పోవడమే గానీ మలుపుకు లొంగేవి కావు. వంపు తిరగడం కాలికి పట్టుబడ్డాక అడుగుకు తాళం కావాల్సి వచ్చింది. చాలాకాలం రింకుల్లో ఆర్గాన్ వాయించేవాళ్లుండేవారు. తర్వాత రికార్డులు, ఆపైన డీజేలు. 1970ల్లో బ్రూక్లిన్‌లోని ఎంపైర్ రోలర్‌డ్రోమ్‌లో బిల్ బట్లర్ లాంటివాళ్లు డిస్కోను చక్రాలెక్కించారు. షికాగో వాళ్లు జేమ్స్ బ్రౌన్ పాటల మీద అడుగులు కట్టి, ఆ శైలికి ‘జేబీ’ అని ఆయన పొడి అక్షరాలే పేరుగా పెట్టుకున్నారు.

ఇందులో చేదు కూడా ఉంది. అమెరికాలో చాలా రింకులు నల్లజాతివారిని వారానికి ఒక్క రాత్రే రానిచ్చేవి. ఆ రాత్రికి ‘సోల్ నైట్’ లాంటి పేర్లు తగిలించేవి. పాట పేరు చెప్పి మనుషుల్ని వేరుగా ఉంచడమన్నమాట. తర్వాతి కాలంలో పెద్ద వేదికలు దొరకని ర్యాప్ కళాకారులకు చోటిచ్చింది కూడా రింకులే. కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో ఉన్న స్కేట్‌ల్యాండ్ రింకులో ఎన్.డబ్ల్యూ.ఏ. అనే ర్యాప్ బృందం తొలినాళ్లలో పాడింది.

ఆ సాయంత్రమే ఒక చిన్న ముచ్చట జరిగింది. రికార్డు ప్లేయరును చెక్క నేల మీదే బల్ల వేసి పెట్టాం. ఒక సభ్యుడు ఎగిరి దిగిన అదురుకు సూది గెంతి, పాట ఒక్కసారిగా వెనక్కి పోయింది. గుండ్రంగా తిరుగుతున్నవాళ్లంతా ఒకే క్షణంలో తడబడ్డారు. ఇద్దరైతే చతికిలబడ్డారు. అప్పటిదాకా ఎవరూ పాట మీద ధ్యాస పెట్టినట్టే లేరు, కబుర్లలో ఉన్నారు. చెవి పట్టించుకోకపోయినా కాలు వింటూనే ఉంది. నా ఓటు అక్కడే మారిపోయింది.

రెండో సాయంత్రం స్కేట్‌బోర్డులది. 1964లో జాన్ అండ్ డీన్ జంట, సర్ఫింగు (అలల మీద పలకతో జారే ఆట) పాటలకు పేరున్న బీచ్ బాయ్స్ బ్యాండు బాణీకి కొత్త మాటలు కట్టి ‘సైడ్‌వాక్ సర్ఫిన్’ పాడింది. అల మీద నుంచి ఫుట్‌పాత్ మీదకు దిగిన ఆట పాటను కూడా అక్కడి నుంచే అరువు తెచ్చుకుందన్నమాట. అప్పటి మట్టి చక్రాలు చిన్న గులకరాయి తగిలినా ఠక్కున ఆగి మనిషిని ముందుకు విసిరేసేవి. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్దీ యురేథేన్ అనే మెత్తటి ప్లాస్టిక్ చక్రాలు తెచ్చాడు. 1976–77 కరువుకు కాలిఫోర్నియాలో ఈతకొలనులు ఖాళీ అయితే కుర్రాళ్లు వాటి గోడలెక్కారు. ఆ వేగానికి సర్ఫ్ పాటలు చాలలేదు, జోరుగా, మొరటుగా వాయించే పంక్ రాక్ సరిపోయింది. నిమిషంన్నరలో ముగిసే పాటకూ ఒక్క ఊపులో అయిపోయే పరుగుకూ జోడీ కుదరక ఏమవుతుంది? పైగా పంక్ వాళ్లనీ స్కేటర్లనీ, రెండు గుంపుల్నీ కాపలావాళ్లు తరిమేవాళ్లే. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన థ్రాషర్ అనే స్కేట్‌బోర్డు పత్రిక 1983 నుంచి ‘స్కేట్ రాక్’ క్యాసెట్లు వేసింది. పేరున్న స్కేటర్ స్టీవ్ కాబలేరో ‘ద ఫ్యాక్షన్’ బ్యాండులో తానే వాయించాడు.

మూడోది స్కేట్‌బోర్డు వీడియోలది, దానికి జనం బాగా వచ్చారు. స్పైక్ జోన్జ్ తీసిన 1991 నాటి ‘వీడియో డేస్’లో స్కేటర్ మార్క్ గొంజాలెస్ భాగం జాన్ కోల్ట్రేన్ జాజ్ మీద నడుస్తుంది. దాన్ని ముందు శబ్దం లేకుండా వేశాం. తర్వాత ఒక పంక్ పాటతో, చివరికి అసలు సంగీతంతో. పంక్‌తో చూస్తే అతను దేనితోనో కలబడుతున్నట్టు ఉన్నాడు. కోల్ట్రేన్‌తో చూస్తే, అదే మనిషి అవే ట్రిక్కుల్ని తోచింది తోచినట్టు అల్లుకుపోతున్నాడు. “ఇందాక చూపించింది వేరే అబ్బాయినా?” అని ఒక పెద్దాయన అడిగారు. 1997లో జూ యార్క్ అనే స్కేట్‌బోర్డు కంపెనీ వాళ్ల ‘మిక్స్‌టేప్’ వీడియో న్యూయార్క్ వీధుల్ని హిప్‌హాప్‌తో కలిపి కుట్టింది. 1999లో స్కేటర్ టోనీ హాక్ పేరుతో వచ్చిన ప్లేస్టేషన్ వీడియో గేమ్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. రెండేసి నిమిషాల పరుగు, పడి లేచి మళ్లీ మొదలుపెట్టినకొద్దీ గోల్డ్‌ఫింగర్ అనే పంక్ బ్యాండు పాడిన ‘సూపర్‌మ్యాన్’ బుర్రలో నాటుకుపోతుంది. బోర్డు ఎక్కనివాళ్లకు కూడా పంక్ రుచి మప్పిన ఆట అది. మన సంఘంలోనూ ఆ దారిన వచ్చినవాళ్లున్నారు.

మంచు స్కేటింగు మీద జరిగిన నాలుగోది చప్పగా సాగింది. నేనే కూర్చోబెట్టి నియమావళి చదివాను, తప్పు నాదే. గుర్తున్నది ఒకటే: సింగిల్స్, పెయిర్స్ పోటీల్లో మాటలున్న పాటల్ని అనుమతించింది 2014–15 సీజన్ నుంచి.

ఇక ఒక ఫిర్యాదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కొందరు స్కేటర్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకునే స్కేట్‌బోర్డు స్ట్రీట్ పోటీలో (వీధి మెట్లు, కమ్మీల లాంటివాటి మీద చేసేది) 45 సెకన్ల పరుగు తీశారు. మన కుర్రాళ్లకు ఆ అలవాటు అంటుకుంది. అక్కడ పరుగులో ఉండేది ఒక్కరే, మన ర్యాంపు మీద ఒకేసారి ఆరుగురు. వెనక నుంచి వచ్చే చక్రాల చప్పుడు వినక ఇద్దరు ఢీకొన్నారు, ఒకరి మణికట్టుకు కట్టు పడింది. ఇకపై సాధనలో ఇయర్‌ఫోను ఒక్క చెవికే అని కార్యవర్గం నిర్ణయించింది.

ఆదాయ వ్యయాల పట్టిక కోశాధికారి విడిగా అందజేస్తారు. రికార్డు ప్లేయరు కింద వేయడానికి మందపాటి రబ్బరు పలక కొనేందుకు సభ అనుమతి కోరుతున్నాం. సూది గెంతడమే బాగుందని, కొనొద్దని ఇద్దరు సభ్యులు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. దాని మీద కూడా ఓటింగ్ ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి