సున్నపు గోడకు సిమెంటు ఎక్కించొద్దు

సంపాదకులు గారికి,

పాత కోర్టు భవనాలకు మరమ్మతులంటే మన దగ్గర ముందు రంగులే గుర్తొస్తాయి. టెక్సాస్‌లోని హిల్స్‌బరో కోర్టు నేర్పే పాఠం వేరు. డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్లేవాళ్లకు ఐ-35 రోడ్డు మీద తగిలే చిన్న ఊరది. ఈ కోర్టును హిల్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కోసం వాస్తుశిల్పి డబ్ల్యూ.సి. డాడ్సన్ నమూనాతో 1890లో సున్నపురాతితో కట్టారు. 1993 జనవరి 1న కరెంటు వల్ల మంటలు లేచి కప్పు, గడియార గోపురం కాలి కూలాయి. గోడలు నిలిచాయి. వాటిని పడగొట్టకుండా పాత రూపంలోనే తిరిగి కట్టి, 1999లో తెరిచారు.

గోపురమున్న భవనంలో అటక అంటుకుంటే గోపురమే పొగగొట్టమై మంటను పైకి లాగుతుంది. 2009లో హైదరాబాద్ హైకోర్టు భవనంలోనూ మంటలు చెలరేగాయి. అందుకే మొదటి ఖర్చు వైరింగుకే పెట్టాలి. పాత తీగలకే ఏసీలు తగిలిస్తే అతుకుల దగ్గర వేడెక్కి తొడుగు మాడుతుంది. ఒక్కో ఏసీకి విడి లైను, ఇనుప గొట్టంలో తీగ, అటక మీద ఒక్క కాగితపు కట్ట కూడా లేకపోవడం... ఇవి తప్పనిసరి.

ఇక గోడలు. గానుగ సున్నంతో (గానుగలో రుబ్బిన సున్నం, ఇసుక ముద్ద) కట్టిన గోడ తడి పీల్చి, రాళ్ల మధ్య సందుల గుండా వదిలేస్తుంది. ఆ సందుల్ని సిమెంటుతో మూస్తే తడి రాతిలోకే మళ్లుతుంది, లోపలి ఉప్పు పొంగి రాతి ముఖం పొరలుపొరలుగా అప్పడంలా ఊడుతుంది. అప్పుడు మేస్త్రీ మళ్లీ సిమెంటే పూస్తాడు! అరంగుళం సందైతే అంగుళం నుంచి అంగుళంపావు లోతు దాకా పాత సున్నపు ముద్దను ఉలితో తియ్యాలి. కటింగ్ మెషిన్ పెడితే రాతి అంచులు తెగుతాయి. నీళ్లు చల్లి, నానబెట్టిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్లు కలిపి, పొరలుగా కుక్కి, తడి గోనెపట్టాలు కప్పాలి. ఎండకు త్వరగా ఆరితే పొడై రాలుతుంది. గోడ పని మొదలుపెట్టే ముందే వాననీటి గొట్టాలు బాగుచెయ్యాలి. గొట్టం పూడిన చోట ఎంత మంచి సున్నమైనా నిలవదు.

టెండర్లలో సున్నం పాళ్లు రాయించండి. ఒక చదరపు మీటరు మేర నమూనా పని చేయించి, ఒక వానాకాలం గడిచాకే మిగతా గోడకు అనుమతివ్వండి.

ఇట్లు
పాత కట్టడాల మరమ్మతు ఇంజినీర్లు, డాలస్