ఇద్దరే ఉన్న పడవలో నిద్ర సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

తెరచాప పడవలో ప్రపంచం చుట్టి వచ్చిన మన నావికాదళం అధికారులు దిల్నా, రూపల గురించి పేపర్లలో వచ్చినవన్నీ కత్తిరించి దాచుకున్నాను. 2024 అక్టోబర్ 2న గోవాలో బయల్దేరి 2025 మే 29న తిరిగొచ్చారు, 25 వేల నాటికల్ మైళ్లకు పైనే. రూపది పుదుచ్చేరి అని చదివాక, ఆ పుదుచ్చేరిలో భాగమైన యానాం పక్క ఊరివాణ్ణి కాబట్టి, మా ఇంటి పిల్లే అనిపించింది. కానీ నేను చదివిన వార్తల్లో ఎంతసేపూ అలలు, చలి, ధైర్యం, ఇవే. ఉన్నది ఇద్దరే కదా, మరి ఎవరు ఎప్పుడు పడుకున్నారు? మాకు కావాల్సింది ఆ సంగతి.

మా నాన్న, బాబాయి ఇంజిన్లు రాకముందు తెరచాప నావ మీద వేటకెళ్లేవాళ్లు. ఇద్దరే. పొద్దుగూకే వేళకి గాలి బాగానే ఉన్నా నాన్న తెరచాప కొంత దించి కట్టేసేవాడట. బాబాయి కుర్రాడు కదా, ఎందుకన్నయ్యా, ఇలాగైతే తెల్లారేసరికి ఎక్కడికెళ్తాం అని విసుక్కునేవాడట. "రాత్రి గాలి ముదిరితే నా ఒక్కడి వల్ల కాదురా, నిన్ను లేపాలి, నీ నిద్ర పాడైతే రేపు నువ్వు దేనికీ పనికిరావు" అనేవాడట నాన్న. అలా వినకుండా ఒకరోజు తెర పూర్తిగా వదిలి, ఆనక చీకట్లో ఒక్కడే దించబోతే తాడు జారి కోసిన గీత బాబాయి కుడి అరచేతిలో ఇప్పటికీ ఉంది, చిటికెన వేలు కింద నుంచి బొటనవేలి దాకా.

పందేల్లోనూ ఇదే లెక్క, కాకపోతే ఇంకా కష్టం. ఫ్రాన్స్‌లో లె హావ్ర్ నుంచి రెండేళ్లకోసారి పడవకి ఇద్దరు చొప్పున అట్లాంటిక్ దాటే పందెం జరుగుతుంది. రాత్రయిందని లంగరు వేసుకుని పడుకోవడానికి అక్కడ లోతు కుదరదు, ఆగితే పందెంలో వెనకబడతారు. ఒకరు నిద్రపోతుంటే రెండోవారు చుక్కాని, తెరలు, ఎదురొచ్చే ఓడలు అన్నీ చూసుకోవాలి. ఆటోపైలట్ చుక్కాని పట్టుకుంటుంది గానీ చిరిగిన తెర కుట్టదు. తెర దించితే వెనకబడతారు, దించకపోతే పడుకున్న మనిషిని లేపాలి. నడుముకి తాడు కట్టుకోకుండా పైకి వచ్చి జారిపడితే, లోపల నిద్రలో ఉన్నవాళ్లకి ఆ సంగతి తెలిసేదెప్పుడు?

ఒక్కరే వెళ్లే పందేలూ ఉన్నాయి. మన నావికాదళంలో పనిచేసిన అభిలాష్ టామీ 2018లో ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకి తెరచాప కొయ్య విరిగి, నడుం దెబ్బతిని, కదల్లేక పడుంటే ఫ్రెంచి ఓడ వచ్చి కాపాడింది. ఆయనే మళ్లీ 2022లో అదే పందేనికి 36 అడుగుల పడవలో వెళ్లి, 236 రోజులకి రెండోవాడిగా వచ్చాడు. ఎక్కడా ఆగకుండా పూర్తిచేసింది ముగ్గురే.

దిల్నా, రూపలది పందెం కాదు, నాలుగు రేవుల్లో ఆగారు కూడా. అయినా 2017లో వీళ్ల పడవ తారిణి మీదే ఆరుగురు వెళ్లారని గుర్తు చేస్తున్నాను. అందులో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య మన తెలుగువాళ్లే. ఆరుగురు పంచుకున్న కాపలా ఇద్దరి మీద పడితే ఎలా ఉంటుందో, సముద్రం మీద రాత్రి గడిపిన ఎవరినడిగినా చెబుతారు.

ఇక నా బాధ. సముద్రమే లేని హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్‌లో ప్రభుత్వ బడి పిల్లలకి సెయిలింగ్ నేర్పుతున్నారు, చాలా సంతోషం. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి, తాళ్ళరేవు పక్కన పుట్టిన మా పిల్లలకి మాత్రం తెరచాప ఎత్తడం రాదు. నడిపేది ఇంజిన్ బోటు కదా, వాళ్ల తప్పేమీ లేదు. కాకినాడ తీరానికి హోప్ ఐలాండ్ అడ్డు ఉంది, పెద్ద అలలు రావు, నేర్చుకోవడానికి అంతకంటే మంచి నీళ్లు ఎక్కడుంటాయి? అక్కడ నాలుగు చిన్న తెరచాప పడవలతో మత్స్యకారుల పిల్లలకి శిక్షణ మొదలుపెట్టమని మీ పేపర్ తరఫున అధికారులని అడగండి. బాబాయికి 74 ఏళ్లు. తాడు ముళ్లు నేర్పాలంటే రోజూ వస్తానంటున్నాడు, బస్సు ఖర్చు కూడా ఇవ్వక్కర్లేదంటున్నాడు.

ఇట్లు,
తాళ్ళరేవు మండలం నుంచి మీ పాఠకుడు